విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల వలస పక్షులను చూడటం ఎలా?

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు (పెలికన్లు) కనిపించగానే చాలామంది సైబీరియా నుంచి వచ్చాయనుకుంటారు. అది నిజం కాదు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ మన దేశపు పక్షులే. నీళ్లు, చెట్లు, చేపలు చూసుకుని గూళ్లు కట్టడానికి అక్కడ చేరతాయి. మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి వచ్చేవాటిలో బాతులు పోను చాలావరకు గోరింకకు అటూఇటూ సైజులో, బురద రంగులో ఉంటాయి. వాటిని చూడటానికి దూరాలు వెళ్లక్కర్లేదు. దగ్గర్లో ఉన్న ఒకే చోటికి వారం వారం, అదే వేళకు వెళ్లండి. అప్పుడే ఏది కొత్తగా వచ్చిందో, ఏది ఎప్పుడూ ఉండేదో తెలుస్తుంది.

1. కాలం, చోటు

ఆగస్టు, సెప్టెంబరులో కరెంటు తీగల మీద బార్న్ స్వాలోలు, నీళ్ల అంచున శాండ్‌పైపర్లు (బురదలో మేసే సన్నకాళ్ల పిట్టలు) కనిపిస్తాయి. సెప్టెంబరు నుంచి గోధుమరంగు బ్రౌన్ ష్రైక్, తోక ఊపే వ్యాగ్‌టెయిళ్లు మొదలవుతాయి. బాతుల గుంపులు అక్టోబరు చివర, నవంబరులో దిగుతాయి. డిసెంబరు, జనవరి నిండు సీజన్.

అక్టోబరులో పొలాల్లో వెతికితే నిరాశే. వరి ఎదిగి బురద కనపడదు కాబట్టి శాండ్‌పైపర్లు అక్కడ వాలవు. అప్పుడు డ్రెయిన్ల గట్లు, చెరువుల అంచులు, నీళ్లు తీసేసిన చేపల చెరువులు చూడండి. కోతలయ్యాక పొలాలకు వెళ్లవచ్చు.

కృష్ణ ఒడ్డునైతే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినన్నాళ్లూ దిగువన ఇసుక తిన్నెలు మునిగే ఉంటాయి. గేట్లు దించి, తిన్నెలు తేలాకే వెళ్లండి. చూడటం మాత్రం ఘాట్ మెట్ల మీద నుంచే. ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు, నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలియదు. కార్తీక సోమవారాలు, పౌర్ణమి రోజు ఘాట్లు వదిలేయండి. ఆ జనానికి ఏ పక్షీ నిలవదు.

పొద్దున పున్నమి ఘాట్‌లో నిలబడి ఎగువకు, అంటే పడమరకు చూడండి. సూర్యుడు వీపు వెనక ఉంటాడు, రంగులు స్పష్టంగా తెలుస్తాయి. సాయంత్రం బ్యారేజీ దిగువన పద్మావతి ఘాట్ నుంచి తూర్పుకు చూడాలి. ఇది తారుమారైతే ఎంత ఖరీదైన బైనాక్యులర్ ఉన్నా నల్లటి నీడలే కనిపిస్తాయి.

2. బైనాక్యులర్ సరిచేసుకోవడం

8×42 (8 రెట్లు పెంచేది, ముందు అద్దం 42 మి.మీ.) కొనండి. 10 రెట్లు పెంచేది దూరానికి బాగుంటుంది గానీ చేతి వణుకునూ అంతే పెంచుతుంది. కొన్నవాళ్లలో చాలామంది చేయని పని ఒకటుంది: కుడికన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమకంటికి ఒక బోర్డు మీది అక్షరాలు స్పష్టం చేయాలి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం ముట్టకుండా, కుడి గొట్టం మీది రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేయాలి. ఇక ఆ రింగు కదపకండి. ఇది చేయకపోతే తలనొప్పి రావచ్చు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటికి ఆనే రబ్బరు కప్పులు కిందికి దించాలి.

ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దాలకు ఆవిరి పడుతుంది; పావుగంట ముందే వరండాలో పెట్టండి. మన తేమకు అద్దాల్లో బూజు పడుతుంది కాబట్టి సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో దాచండి.

3. గుర్తుపట్టడం

ఇక్కడే ఓపిక కావాలి. రంగు కంటే ముందు నడక, ఎగిరే తీరు చూడండి.

ఒడ్డున ఒంటరిగా తిరుగుతూ, వెనక భాగాన్ని ఆపకుండా పైకీ కిందికీ ఊపేది కామన్ శాండ్‌పైపర్. రెక్క, రొమ్ము కలిసేచోట తెల్లటి మొన పైకి పొడుచుకొస్తుంది. లేస్తే నీటిని తాకుతున్నట్టు, రెక్కలు బిగించి టపటపలాడిస్తూ వెళ్తుంది. వుడ్ శాండ్‌పైపర్ వీపు మీద చుక్కలుంటాయి, కాళ్లు పసుపు ఛాయ, తెల్ల కనుబొమ గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. తడి పొలాల్లో చిన్న గుంపులుగా మేస్తుంది. గ్రీన్ శాండ్‌పైపర్ ముదురు రంగు. ఆ గీత కంటి ముందే ఆగుతుంది. గట్టిగా అరుస్తూ పైకి లేచినప్పుడు తెల్లటి నడుము, నల్లటి రెక్కల అడుగు భాగం చటుక్కున కనిపిస్తాయి.

ఘాట్ మెట్ల మీద నల్ల ముఖం, తెల్ల కనుబొమతో తిరిగే వ్యాగ్‌టెయిల్ ఏడాదంతా ఉండేదే. ముఖం తెల్లగా ఉన్నదే చలికాలపు చుట్టం.

బాతుల్లో తికమక ఎక్కువ. అక్టోబరులో వచ్చే మగ గార్గనీ, సూదితోక బాతులకు జతకట్టే కాలపు రంగుల ఈకలు ఇంకా రావు. ఆడవాటిలా గోధుమరంగులోనే ఉంటాయి. అన్నీ ఆడవే అని రాసేయకండి. ముఖం మీద చారలుంటే గార్గనీ, సన్నటి పొడవు మెడ, బూడిద ముక్కు ఉంటే సూదితోక, గరిటె లాంటి ముక్కు ఉంటే షోవెలర్. ఈల వేసినట్టు కూసే గోధుమరంగు బాతులు మన ఊరివే.

ఘాట్‌కి వెళ్లలేనివాళ్లు ఇంటి పెరట్లో చెవిపెట్టండి. క్రోటన్ పొదలోంచి ‘చెక్... చెక్’ అని వినిపించి, పిట్ట మాత్రం కనపడకపోతే అది బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ కావచ్చు. కూతను బట్టి పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్‌తో శబ్దం పోల్చుకోండి, కానీ యాప్ చెప్పిందే ఖాయమనుకోవద్దు. రికార్డు చేసిన కూతలు వినిపించి పిట్టను బయటికి రప్పించవద్దు.

4. లెక్క, రాత

పెద్ద గుంపైతే ముందు 10 బాతులు లెక్కపెట్టి, అవి ఎంత మేర ఆక్రమించాయో చూసి, ఆ కొలతతో గుంపంతా అంచనా వేయండి. చూసిన పక్షుల జాబితాలు నమోదుచేసే ఈబర్డ్‌లో మొదలుపెట్టిన వేళ, నడిచిన దూరం నింపి, కాకి, పావురం సహా గుర్తుపట్టినవన్నీ రాస్తేనే జాబితా పూర్తయినట్టు. వుడ్డో గ్రీనో తేలని శాండ్‌పైపర్‌ను ఊహించి పేరు పెట్టకండి. జాతి తేలనివాటికి ఉన్న వరుసలో వేయండి. కొల్లేరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానికి ఈ సాధన అయ్యాకే వెళ్లండి. అక్కడ ఒకేసారి కనిపించే పక్షులు కొత్తవాళ్లను కంగారు పెడతాయి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకు మనుషులు కావాలి. అప్పటికి ఒక ఘాట్, ఒక చెరువు మీకు బాగా తెలిసి ఉంటే చేరిపోవచ్చు.