కార్పల్ టన్నెల్ (మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్ అయినా తిమ్మిరి పోలేదా?
రాత్రి నొప్పి సాధారణంగా కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. అదీ తగ్గకపోతేనే నరాన్ని నొక్కుతున్న లిగమెంట్‌ని (పట్టీ లాంటి కణజాలం) ఆపరేషన్‌లో పూర్తిగా కోశారా అని సర్జన్‌ని అడగాలి. తిమ్మిరి ఒక్కటే మిగిలితే పాత నెర్వ్ కండక్షన్ (నరంలో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే పరీక్ష) రిపోర్టు తీయండి. మైల్డ్ అయితే నరం నొక్కుకుందంతే, వారాల్లో తేరుకుంటుంది. సివియర్ అయితే నరంలోని పోగులే దెబ్బతింటాయి. అవి మణికట్టు నుంచి రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున మళ్లీ పెరగాలి. వేలికొసలకు స్పర్శ రావడానికి 6 నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే. బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంటపడిందా? అది పూర్తిగా నిండుతుందని నేనైతే చెప్పను. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఇబ్బందిగానే ఉండొచ్చు. షుగర్ ఉంటే ఇంకా నెమ్మది.

కుట్లు 10–14 రోజులకు తీసినా, వేళ్లు మొదటిరోజు నుంచే ముడిచి చాపాలి, లేకుంటే బిగుసుకుపోతాయి. చిటికెనవేలి తిమ్మిరి మాత్రం ఈ నరానిది కాదు. మోచెయ్యి, మెడ చూపించుకోండి.