రక్తం ఇచ్చిన రోజు జీతంతో సెలవు: విశాఖ ఉద్యోగులు ఎలా తీసుకోవాలి

రక్తదానం చేసిన రోజుకు జీతం కోత పడకుండా సెలవు ఇవ్వడానికి ఉత్తర్వులున్నాయి. ఆ సెలవు చేజారేది ఎక్కువగా రెండు చోట్ల: సెలవు రోజున రక్తం ఇవ్వడం, సరైన సర్టిఫికెట్ లేకపోవడం. కాబట్టి కేంద్రానికి బయల్దేరే ముందే ఈ రెండూ సరిచూసుకోవాలి.

మొదట మీకు ఏ నిబంధన వర్తిస్తుందో చూసుకోండి. నేవల్ డాక్‌యార్డ్ సివిలియన్ సిబ్బంది, ఇన్‌కమ్ ట్యాక్స్, కస్టమ్స్ వంటి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సిబ్బంది, శిక్షణ విభాగం 2017 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ఉంది. లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకులో పనిదినాన రక్తం ఇస్తే ఆ ఒక్క రోజుకు స్పెషల్ క్యాజువల్ లీవ్ వస్తుంది. ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ఇచ్చినా సరే. ఏడాదికి గరిష్ఠంగా 4 సార్లు. ఇది మామూలు క్యాజువల్ లీవ్ (సీఎల్) ఖాతాలోంచి పోదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు 1984 నాటి వైద్య ఆరోగ్య శాఖ జీవో 137ను చూపించి ఒక రోజు అడగవచ్చు.

స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో ఉన్నవాళ్లు పై కేంద్ర ఉత్తర్వును పట్టుకుని వాదించకండి. అది నేరుగా వర్తించదు, సంస్థ సొంత లీవ్ రూల్స్ చూడాలి. రుషికొండ ఐటీ కంపెనీలో అయినా దువ్వాడ సెజ్‌లో అయినా ప్రైవేటు యజమాని ఈ సెలవు ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. హెచ్‌ఆర్ పాలసీలో ఉంటేనే ఉన్నట్టు.

కేంద్ర ఉత్తర్వులో 'పనిదినం', 'ఆ రోజుకే' అన్న మాటలు కీలకం. ఆదివారం క్యాంపులో రక్తం ఇచ్చి సోమవారం సెలవు అడిగితే ఆఫీసు కాదంటుంది, అనే హక్కు దానికుంది. వీక్లీ ఆఫ్ రోజున ఇచ్చినా అంతే.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, దాన్ని చాలా ఆఫీసులు పట్టించుకోవు. దూరప్రాంతాలకు బండి నడిపే డ్రైవర్లు, ఫైర్ వంటి అత్యవసర సేవల సిబ్బంది, శ్రమ ఎక్కువున్న పనివాళ్లు తర్వాతి డ్యూటీకి కనీసం 24 గంటల ముందే రక్తం ఇచ్చి ఉండాలని రక్తదాతల అర్హత నిబంధనలు చెబుతాయి. ఉదయం 10కి రక్తం ఇచ్చిన ఫైర్‌మన్ మర్నాడు ఉదయం 6 గంటల షిఫ్టుకు ఎక్కితే మధ్యలో 20 గంటలే. సెలవు ఒక్క రోజే కాబట్టి మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు వేయమని ముందే అడగాలి, లేదా వీక్లీ ఆఫ్‌కు ముందు రోజు ఎంచుకోవాలి. నైట్ షిఫ్ట్ దిగి నిద్రలేకుండా నేరుగా వెళ్తే డాక్టరు వెనక్కి పంపుతారు.

వెనక్కి పంపితే ఏమవుతుంది? రక్తం ఇవ్వలేదు కాబట్టి ఈ సెలవు రాదు. ఒక సీఎల్ చేతిలో ఉంచుకుని వెళ్లండి. అంతకన్నా మేలు, ముందే ఇవి చూసుకోవడం: వయసు 18 నుంచి 65 (మొదటిసారి అయితే 60 దాటకూడదు), బరువు 45 కిలోలు, 450 ఎంఎల్ ఇవ్వాలంటే 55 పైన, హిమోగ్లోబిన్ కనీసం 12.5, బీపీ పై అంకె 100–140, కింది అంకె 60–90. గత దానం నుంచి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడవాలి. అంటే ఆడవాళ్లు మామూలు రక్తదానం (ప్లేట్‌లెట్లు, ప్లాస్మా విడిగా కాకుండా) సాధారణంగా ఏడాదికి 3 సార్లకు మించి చేయలేరు, సెలవు 4 ఉన్నా. పచ్చబొట్టు పొడిపించుకుంటే 12 నెలలు ఆగాలి. ఏజెన్సీ వైపు పని మీద వెళ్లి మలేరియా తెచ్చుకున్నవాళ్లు తగ్గాక 3 నెలలు ఆగాలి.

ఖాళీ కడుపుతో వెళ్లకండి. ఇడ్లీయో ఉప్మాయో తిని, సూది గుచ్చడానికి అరగంట ముందు అర లీటరు నీళ్లు తాగండి. విశాఖ ఉక్కపోతలో చెమటకే ఒంట్లో నీరు పోతుంది, పైగా రక్తం ఇచ్చి కిక్కిరిసిన బస్సులో నిలబడితే కళ్లు తిరుగుతాయి. రక్తం తీయడానికి పట్టేది 10 నిమిషాల లోపే, కానీ ఫారం, పరీక్ష, తర్వాత విశ్రాంతి కలిపి గంట అనుకోండి. ప్లేట్‌లెట్లయితే మెషీన్ మీదే గంట నుంచి గంటన్నర పడుతుంది.

సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే చదవండి. మీ పేరు ఆఫీసు రికార్డులో ఉన్నట్టే ఉందా, రక్తం ఇచ్చిన తేదీ రాశారా, బ్లడ్ సెంటర్ పేరు, లైసెన్సు నంబరు, సీలు, మెడికల్ ఆఫీసర్ సంతకం ఉన్నాయా? క్యాంపుల్లో హడావుడిగా తేదీ గడి ఖాళీగా వదిలేస్తారు. క్యాంపు పెట్టిన క్లబ్బు ఇచ్చే రంగుల ప్రశంసాపత్రం గోడకు బాగుంటుంది, సెలవుకు పనికిరాదు. రక్తం సేకరించిన కేంద్రం, ఉదాహరణకు కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) బ్లడ్ బ్యాంకు ఇచ్చిన కాగితమే కావాలి. జిల్లాలో ఏయే కేంద్రాలున్నాయో కేంద్ర ప్రభుత్వ ఈ-రక్త్‌కోష్ పోర్టల్‌లో కనబడతాయి.

ముందు రోజే పై అధికారికి ఒక మెసేజ్ పెట్టి, మర్నాడు డ్యూటీలో చేరగానే జిరాక్సు జతచేసి దరఖాస్తు ఇవ్వండి. ఇంత రాస్తే చాలు:

'అయ్యా, … తేదీన పనిదినాన … బ్లడ్ సెంటర్‌లో రక్తదానం చేశాను. ఆ ఒక్క రోజుకు స్పెషల్ క్యాజువల్ లీవ్ మంజూరు చేయగలరు. ఈ ఏడాది ఇది … వ సారి. సర్టిఫికెట్ జతచేశాను.'

ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి. రక్త పరీక్షల ఫలితాలు, వెనక్కి పంపిన కారణం ఆఫీసుకు చెప్పాల్సిన పనిలేదు.

పాలసీ లేని ప్రైవేటు కంపెనీలో హెచ్‌ఆర్‌ను అడిగేటప్పుడు కేంద్ర ఉత్తర్వు నమూనానే చూపించండి: పనిదినం, ఆ రోజుకే, ఏడాదికి 4 సార్లు, సర్టిఫికెట్‌తో. అంతకు మించి అడగవద్దు. వచ్చి వెళ్లడానికి, రక్తం ఇవ్వడానికి అవసరమైనంత సమయం ఇస్తే అది స్వచ్ఛంద దానమే. దానికి నగదో అదనపు సెలవులో కలిపితే ప్రతిఫలం కిందికి వస్తుంది. డబ్బు కోసం రక్తం ఇవ్వడం దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం.