ఎల్పీతో కంట్రోల్ డిజైన్ చేస్తున్నారా, రన్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

ఆప్టిమల్ కంట్రోల్‌ని, అంటే యంత్రాన్ని తక్కువ ఖర్చుతో ఎలా నడపాలో వెతికే లెక్కని, లీనియర్ ప్రోగ్రామింగ్‌గా (ఎల్పీ, అంటే ఖర్చూ షరతులూ అన్నీ వేరియబుల్స్‌ని నంబర్లతో గుణించి కూడినవే అయ్యే లెక్క) మార్చడం కొత్తదేం కాదు, 1962లోనే జాదే, వేలెన్ దీనిమీద పేపర్ రాశారు. ఆ లెక్క చేసిపెట్టే సాఫ్ట్‌వేర్, అంటే సాల్వర్‌తో పెద్ద గొడవుండదు, మనం రాసిచ్చే దాంట్లోనే ఉంటుంది తిరకాసంతా.

1 కేజీ బండి ఉందనుకోండి, ఆగి ఉన్నది 7 సెకన్లలో 10 మీటర్లు వెళ్లి మళ్లీ ఆగాలి, ఫోర్స్ ఎటువైపైనా 1 న్యూటన్ దాటకూడదు, ఇంధనం తక్కువ కాలాలి. టైమ్‌ని 0.5 సెకను ముక్కలు చేద్దాం, ఒక్కో ముక్క ఒక స్టెప్, అంటే 14 స్టెప్పులు. ఇక్కడ ఫోర్స్‌లన్నీ కూడేసి ఆ మొత్తాన్ని మినిమైజ్ చేశారో అయిపోయారే, ఎందుకంటే బండి చివర్లో ఆగాలి కాబట్టి తోసిందీ బ్రేకేసిందీ చెల్లుకుచెల్లు, మొత్తం ఎప్పుడూ సున్నానే, ఏ ప్లాన్ ఇచ్చినా సాల్వర్ ఆప్టిమల్ అనేస్తుంది. ఫోర్స్‌ని రెండు వేరియబుల్స్ చెయ్యండి, ముందుకి తోసేదొకటి వెనక్కి లాగేదొకటి, రెండూ సున్నాకి తగ్గకూడదు, తీసివేస్తే ఫోర్స్, కూడితే ఖర్చు. అప్పుడు మొదటి 4 స్టెప్పులు ఫుల్లుగా తోసి, 6 స్టెప్పులు ఊరికే వదిలేసి, చివరి 4 ఫుల్ బ్రేక్ వేస్తుంది. చేత్తో లెక్కేసినా ఇదే వస్తుంది.

బౌండ్స్, అంటే ప్రతి వేరియబుల్ ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో, మాత్రం మీరే రాయండి, డీఫాల్ట్‌కి వదలొద్దు. సైపై (పైథాన్ లైబ్రరీ) లోని ఎల్పీ ఫంక్షన్ లిన్‌ప్రాగ్‌లో ఏమీ ఇవ్వకపోతే ప్రతి వేరియబుల్ సున్నా లేదా ఆపైనే అనుకుంటుంది, మ్యాట్‌ల్యాబ్‌లో అలా కాదు. పై బండికి స్పీడ్ ఎక్కడా మైనస్ అవ్వదు కాబట్టి తప్పు బయటపడదు, రేపు అదే కోడ్‌తో బండిని వెనక్కి పంపమంటే ఇన్‌ఫీజిబుల్ (షరతులన్నిటికీ సరిపోయే జవాబే లేదు) అని చేతులెత్తేస్తుంది, అప్పుడు తప్పెక్కడో వెతుక్కుంటూ కూర్చోవాలి.

ఇన్‌ఫీజిబుల్ వచ్చిన ప్రతిసారీ కోడ్‌ని తిట్టకండి కూడా. 7 బదులు 6 సెకన్లు అడిగితే బండి ఎంత తోసినా 9 మీటర్లే వెళ్లి ఆగగలదు, అడిగిందే కుదరనిది. లిమిట్ కొంచెం దాటినా పర్లేదు అనుకున్న చోట స్లాక్ (ఎంత దాటిందో చెప్పే అదనపు వేరియబుల్) పెట్టి, దాటినదానికి ఖర్చులో పెనాల్టీ వెయ్యండి, బండి కదిలే సమీకరణాల్లో మాత్రం పెట్టొద్దు, బండి గాల్లోంచి దూకేస్తుంది.

ఇంకోటి, కన్‌స్ట్రెయింట్స్ (మనం పెట్టిన షరతులు) స్టెప్పుల దగ్గరే చెక్ అవుతాయి, మధ్యలో ఏం జరిగిందో సాల్వర్‌కి పట్టదు. వచ్చిన ఫోర్స్‌ని ఇంకా సన్నటి స్టెప్‌తో సిమ్యులేట్ చేసి చూడండి.

పైగా ఎల్పీ జవాబు షరతులు గీసిన హద్దుల మూలల్లో దొరుకుతుంది, అందుకే పైన ఫుల్లు లేకపోతే సున్నా. నిజం మోటార్‌కి అంత కుదుపు పడదంటే స్టెప్‌కీ స్టెప్‌కీ మధ్య ఫోర్స్ ఎంత మారొచ్చో లిమిట్ పెట్టండి, అది కూడా లీనియరే.