పాత బండ్ల పని – 5వ పాఠం: బుల్లెట్ టైమింగ్

ఈసారి కార్బొరేటర్ మొదలుపెడదామనుకున్నా. పోయిన ఆదివారం హనుమకొండ షెడ్డులో మీ అవస్థ చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. నాలుగో పాఠం చదివి పాయింట్ల (స్పార్కు కోసం కలిసి విడిపోయే రెండు లోహపు మొనలు) గ్యాప్ సెట్ చేసినవాళ్లలో సగం మందికి కిక్కు వెనక్కి తన్నింది. పరకాల తమ్ముడికైతే చీలమండ వాచిపోయింది. "అన్నా, నువ్వు చెప్పినట్టే 0.38 పెట్టిన" అని అందరిదీ ఒకటే మాట.

పెట్టారు, కాదనను. ఎక్కడ పెట్టారన్నదే గొడవ.

పాయింట్ల పక్కన తిరిగే క్యామ్‌కి ఒక పక్క ఉబ్బు ఉంటుంది. కదిలే పాయింటుకున్న ఫైబర్ మడమ ఆ ఉబ్బెక్కితే పాయింట్లు విచ్చుకుంటాయి. 350 బుల్లెట్‌కి గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. అంటే, మడమ ఉబ్బు కొసన ఉన్నప్పటి లెక్క అది. మీరేమో కవర్ తీయగానే కాస్త సందు కనబడిందని ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చేశారు. మడమ అప్పటికి ఇంకా సగం ఎక్కుడులోనే ఉంది. అక్కడ 0.38 పెడితే కొసకు చేరేసరికి అర మిల్లీమీటరు దాటొచ్చు. గ్యాప్ పెరిగితే పాయింట్లు తొందరగా విచ్చుకుంటాయి. అవి విచ్చుకున్న క్షణమే స్పార్కు కాబట్టి, పిస్టన్ పైకి రాకముందే మంట అంటుకుని దాన్ని కిందికి తోస్తుంది. ఆ దెబ్బే కిక్ రాడ్ మీదుగా మీ కాలికి వచ్చింది.

కాబట్టి మొదట టాప్ గేర్‌లో వెనక చక్రం తిప్పుతూ, సందు ఇక పెరగదు అన్న చోట ఆపండి. అప్పుడు కొలవండి. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడే గ్యాప్ కదిలిపోతుంది. ఇద్దరు ముగ్గురి బండ్లలో జరిగింది అదే. మడమ అరిగితే దీనికి తిరగబడుతుంది: గ్యాప్ తగ్గి స్పార్కు ఆలస్యమై, ఇంజిన్ వేడెక్కి బలం తగ్గుతుంది. క్యామ్ మీద గోరంత గ్రీజు రాస్తే అరుగుడు తగ్గుతుంది. ఎక్కువ రాస్తే పాయింట్ల మీదికి చిమ్ముతుంది. ఎమెరీ పేపరుతో పాయింట్లు రుద్దినవాళ్లు కూడా ఉన్నారు. దాని ఇసుక రేణువులు పాయింట్లలో దిగబడిపోతాయి. సన్న ఆకురాయితో తేలిగ్గా గీసి, పెట్రోల్లో తడిపిన తెల్లకాగితం లాగితే చాలు.

గ్యాప్ తేలాకే టైమింగ్, అంటే స్పార్కు ఎప్పుడు పడాలో సరిచేయడం. ముందు టైమింగ్ పెట్టి తర్వాత గ్యాప్ ముట్టుకుంటే మొదటి పని వృథా.

ప్లగ్ తీసి, సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేర్‌లో చక్రం చేత్తో తిప్పండి. పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో (గ్యాసును నొక్కే దశలో) పైకి రావాలి. ట్యాపెట్ కవర్ తీసి చూస్తే అప్పుడు పుష్ రాడ్లు (వాల్వుల్ని తెరిచే కడ్డీలు) రెండూ వేళ్లతో సులువుగా తిరుగుతాయి. ఎగ్జాస్ట్ స్ట్రోక్ (పొగ బయటికి పోయే దశ) మీద టైమింగ్ పెడితే బండి చచ్చినా లేవదు. ప్లగ్ రంధ్రంలో సైకిల్ స్పోక్ పెట్టి పిస్టన్ చేరే పై కొస ఎక్కడో కనిపెట్టండి. రంధ్రం వాలుగా ఉంటుంది, అందుకే ఇది కాస్త అందాజు కొలతే. అక్కడి నుంచి చక్రాన్ని వెనక్కి కొంచెం ఎక్కువగానే తిప్పి, మళ్లీ ముందుకు తెస్తూ పై కొసకు 0.8 మి.మీ. ముందు ఆపండి. ఎప్పుడూ ముందుకు తెస్తూనే ఆపాలి, లేకపోతే గేర్ల మధ్య లూజు మిమ్మల్ని మోసం చేస్తుంది.

పాయింట్లు విచ్చుకునే క్షణం తెలియడానికి ఇక్కడ చాలామంది బల్బు కట్టి చూస్తారు. నాకు హెడ్‌లైట్ డూమ్ మీది అమ్మీటరు (కరెంటు చూపే మీటరు) చాలు. లైట్లన్నీ ఆపి తాళం ఆన్ చేయండి. పాయింట్లు మూసుకుని ఉంటే ముల్లు మైనస్ వైపు కొద్దిగా ఒరుగుతుంది. పాయింట్లు కూర్చున్న ప్లేటు స్క్రూలు వదులు చేసి, వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ముల్లునే చూడండి. అది చటుక్కున మధ్యకు వచ్చిందా, పాయింట్లు విచ్చుకున్నట్టే. అక్కడే బిగించండి. తాళం వెంటనే ఆఫ్ చేయండి, మూసుకున్న పాయింట్లతో వదిలేస్తే స్పార్కు పుట్టించే కాయిల్ వేడెక్కి కాలిపోవచ్చు.

పాత యెజ్డీ, రాజ్‌దూత్ వాళ్లకు స్ట్రోక్ వెతికే బాధ లేదు, టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ స్పార్కే. మీ లెక్కలు వేరే, వాటికి వేరే పాఠం ఉంది.

అభ్యాసం: ప్లేటుని ఇష్టమొచ్చినట్టు తిప్పి చెడగొట్టి, మొదటి నుంచి మళ్లీ పెట్టండి. మూడుసార్లు. ప్రతిసారీ పెన్సిల్ గీత గీయండి. మూడు గీతలూ ఒకేచోట పడేదాకా కిక్ కొట్టకండి. క్లబ్బు ఫీలర్ గేజ్‌లో 0.38 ఆకు ఎవరో వంచేశారు. సొంతది కొనుక్కునేవాళ్లు మిల్లీమీటర్ల అంకెలున్నది చూసి తెచ్చుకోండి.