పిలిస్తే పలకని పేషెంట్: గిచ్చే ముందు ఏం చూడాలి

అంబులెన్స్ దిగేసరికే చుట్టూ మూగిన జనం తీర్పు చెప్పేస్తారు: "ఏం లేదు సార్, యాక్టింగ్." ఇంట్లో గొడవ తర్వాత పడిపోయిన కేసైతే ఇక అడగక్కర్లేదు. కొత్త ఈఎంటీలు (అంబులెన్స్‌లో వచ్చే వైద్య సిబ్బంది) ఆ మాట చెవినేసుకుని ఎలాగైనా లేపాలని చూస్తారు. అక్కడే తప్పు జరుగుతుంది.

సమస్య 1: ఉలుకూ పలుకూ లేదు

ఊపిరి, నాడి 10 సెకన్లలోపు చూడండి. ఊపిరి లేదా, ఉండుండి ఎగశ్వాసలా వస్తోందా? నాడి కూడా అందకపోతే సీపీఆరే, ఇంకేం ఆలోచించొద్దు. రెండూ బాగుంటే వెంటనే షుగర్ చూడండి. రంజాన్ నెలలో పాతబస్తీలో సాయంత్రం వచ్చే కాల్స్‌లో ఇది అస్సలు మరవొద్దు. 70 కంటే తక్కువుంటే ప్రొటోకాల్ ప్రకారం ఐవీలో, అంటే నరంలోకి, గ్లూకోజ్. స్పృహ లేని మనిషి నోట్లో చక్కెర నీళ్లు పోయనివ్వకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేతిలో తాళాలు పెట్టే పెద్దాయన ఒకాయన ఎప్పుడూ ఉంటాడు. ఆయనతో వాదన పెట్టుకోకండి, జనాన్ని పక్కకి జరిపే పని అప్పజెప్పండి.

కంటిపాపలు సూదిమొనలా ఉండి, నోట్లోంచి చొంగ కారుతుంటే పురుగుమందు అనుమానించాలి. గ్లవ్స్ లేకుండా బట్టలు ముట్టుకోవద్దు.

సమస్య 2: కళ్లు తెరిచింది, మాట వినడం లేదు

మీరు తెలుగులో "చెయ్యెత్తమ్మా" అంటున్నారు, ఆవిడకి ఉర్దూ తప్ప రాదు. హైదరాబాద్‌లో ఇది మామూలే. ఇంట్లోవాళ్ల చేత వాళ్ల భాషలో అడిగించాకే జీసీఎస్ స్కోరు (స్పృహ ఎంతుందో చెప్పే లెక్క) వేయండి. చెవిటితనం, పక్షవాతం కూడా గుర్తుంచుకోండి. ఒళ్లంతా కదలకపోయినా "కళ్లు పైకి చూడండి" అంటే చూసేవాళ్లుంటారు. వాళ్లకి అన్నీ వినిపిస్తాయి.

సమస్య 3: నొప్పికి స్పందన చూడాలి

మెడకీ భుజానికీ మధ్య కండని వేళ్ల మధ్య పట్టి, మెల్లగా బిగిస్తూ 10 సెకన్ల వరకు నొక్కితే చాలు. స్పందించగానే వదిలేయాలి. "అమ్మా, భుజం కాస్త గట్టిగా నొక్కుతున్నా" అని ముందే చెప్పండి. రొమ్ముఎముక మీద పిడికిలితో రుద్దితే చర్మం కమిలిపోతుంది. అమ్మోనియా వాసన చూపించడం, తొడ గిచ్చడం పరీక్షలే కావు.

సమస్య 4: రెప్ప ఎత్తబోతే బిగించేస్తోంది

మా పాత సీనియర్ ఒకాయన ఇలాంటప్పుడు పేషెంట్ చెయ్యి ఎత్తి ముఖం మీదికి వదిలేసేవాడు. చెయ్యి పక్కకి పడితే నటన అని ఆయన లెక్క. ఒకసారి ఆ చెయ్యి నేరుగా పడింది. మట్టిగాజు పగిలి పెదవి చీరింది. అప్పుడు తీశాం షుగర్: 38. నేనూ పక్కనే నిలబడ్డాను, ఆపలేదు.

రెప్ప బిగించడం వెనక ఫిట్స్ తర్వాతి మగత ఉండొచ్చు, భయం ఉండొచ్చు, మనసు తట్టుకోలేక శరీరం ఆగిపోయిన స్థితి కావచ్చు. కొట్టినవాడు అదే గదిలో నిలబడి ఉండొచ్చు కూడా. అందర్నీ బయటికి పంపి, ఒక ఆడమనిషిని దగ్గరుంచి, నెమ్మదిగా మాట్లాడుతూ బీపీ, ఆక్సిజన్ చూసుకుంటూ పోండి. కేసు షీట్‌లో "నటిస్తోంది" అని రాయకండి. "రెప్ప ఎత్తబోతే బిగించింది, షుగర్ 110, నాడి 96" అని చూసింది చూసినట్టు రాసి, క్యాజువాలిటీ డాక్టర్‌కీ అదే చెప్పండి.