జాజ్‌ను కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి

జాజ్‌ను మొదటిసారి వినేవారు బాణీ ఎటు పోతోందో తెలియక అయిదు నిమిషాలకే విసిగిపోవడం మామూలే కాబట్టి, ముందుగా చెవిని లయకు అప్పగించాలి. డ్రమ్స్ వాయించేవారు కాలితో నొక్కే హై-హ్యాట్ తాళాలు, నాలుగు దెబ్బల బార్‌లో (అంటే ఒక తాళపు ఆవర్తంలో) సాధారణంగా రెండో, నాలుగో దెబ్బల మీద ‘చిక్’మని మూసుకుంటాయి, వాటితో పాటు వేలితో తట్టండి. ఒక్కో దెబ్బను సమంగా కాక, మొదటి సగం కాస్త సాగేలా విరవడమే స్వింగ్. దీన్ని కాగితం మీద సరిగ్గా రాయడం కుదరదు, వినే పట్టుకోవాలి.

తరువాత చట్రాన్ని, అంటే బాణీ ఎన్ని బార్లకు ఒకసారి తిరిగి మొదలవుతుందో, లెక్కపెట్టండి. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’ ఇందుకు చాలా అనువైనది. అందులో బాస్ (మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం) ప్రశ్నలాంటి పలుకు వేస్తే, మిగతా వాద్యాలు రెండే రెండు కార్డ్‌లతో (ఒకేసారి పలికే స్వరాల గుంపులతో) బదులిస్తాయి. 16 బార్ల తరువాత అంతా అర్ధస్వరం పైకి జరిగి, 8 బార్లు అక్కడే ఉండి, చివరి 8 బార్లకు మళ్ళీ కిందికి దిగుతుంది. ఒక్కొక్కరు ముందుకొచ్చి వాయించే సోలోలు మొదలయ్యాక కూడా ఈ 32 బార్ల చట్రమే తిరుగుతూ ఉంటుంది, అప్పటికప్పుడు కల్పించే స్వరాలు దాని మీదే నిలుస్తాయి.

ఈ ప్రశ్న-జవాబు పద్ధతి, స్వరాన్ని కొద్దిగా వంచి పలికే బ్లూ నోట్ ఆఫ్రికన్ అమెరికన్ల పనిపాటల నుంచి, చర్చి గానం నుంచి, బ్లూస్ నుంచి వచ్చి, అమెరికా నగరం న్యూ ఆర్లియన్స్‌లో రాగ్‌టైమ్ అనే దెబ్బ తప్పించి పలికే పియానో సంగీతంతోనూ ఊరేగింపు బ్రాస్ బ్యాండ్లతోనూ కలిశాయి. అయితే 1917లో తొలి జాజ్ రికార్డు వెలువరించింది శ్వేతజాతి బృందం కనుక, రికార్డుల వరుసనే చరిత్ర అనుకోకండి.