మట్టి కోర్టులో నిన్న గెలుపు, ఇవాళ ఓటమి: తేడా ఎక్కడ కొడుతోంది?

హైదరాబాద్‌లో టెన్నిస్ నేర్చుకునే పిల్లలు ఎక్కువమంది హార్డ్ కోర్టు (సిమెంటు లాంటి గట్టి నేల) మీదే పెరుగుతారు. మట్టి కోర్టు టోర్నమెంటుకి వెళ్లి ఒక మ్యాచ్ 6-2, 6-1తో గెలుస్తారు, తర్వాతి మ్యాచ్‌లో తమకంటే తక్కువ ఆటగాడి చేతిలో ఓడి వస్తారు. ఇంట్లోవాళ్లు "ఏకాగ్రత లేదు" అని కోప్పడతారు. ఈ పిల్లలతో పన్నెండేళ్లుగా కోర్టులో ఉంటున్నాను. చాలాసార్లు జరిగేది వేరు: కాళ్ల కింద మట్టి మారింది, వీళ్ల ఆట మారలేదు.

సమస్య: పొద్దున చక్కగా ఆడినవాడు పదకొండింటికల్లా బంతులన్నీ బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) అవతలికి కొడుతున్నాడు

నేను ఎక్కువగా చూసేది ఇదే. పొద్దున ఆరింటికి మార్కర్ (కోర్టు చూసుకునే మనిషి) నీళ్లు కొట్టి, రోలర్ తిప్పి ఉంచిన కోర్టు తడిగా, మెత్తగా ఉంటుంది. బంతి మీది నూగుకు మట్టి అంటుకుని బరువెక్కుతుంది, నెమ్మదిస్తుంది. ఏప్రిల్ ఎండలో మూడు నాలుగు గంటలు గడిస్తే మట్టి పొడిబారి దుమ్ము లేస్తుంది. బంతిలోని గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, బంతి చురుగ్గా లేస్తుంది. పైగా మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. చెన్నైలో అలవాటైన చేతికి ఇక్కడ బంతి కాస్త ఎక్కువ దూరం పోతుంది. పెద్ద పెద్ద ప్రొఫెషనల్ ఆటగాళ్లకూ ఈ బాధ తప్పదు: దాదాపు 650 మీటర్ల ఎత్తున ఉన్న మాడ్రిడ్‌లో ఆడి రోమ్‌కి, ఫ్రెంచ్ ఓపెన్ జరిగే పారిస్‌కి వెళ్తే మట్టి పేరు ఒకటే గానీ బంతి నడక వేరు.

పరిష్కారం వార్మప్‌లోనే మొదలవుతుంది. మడమతో కోర్టును రెండు మూడు చోట్ల నొక్కి చూడండి. బంతి పడ్డ మచ్చ చూడండి: తడి మీద గుండ్రంగా, అంచులు తేలి ఉంటుంది, పొడి మీద చెదిరి సాగినట్టు ఉంటుంది. నీడ పడే మూల వేరుగా ఉంటుందని మర్చిపోకండి. ఒకసారి మా మార్కర్ "సార్, ఆ గోడ పక్క ఇంకా ఆరలేదు, పాపకి చెప్పండి" అన్నాడు. నేను చెప్పడం మర్చిపోయాను. మొదటి సెట్లో ఆ పిల్ల అక్కడే, నెట్ దాటగానే పడే మూడు డ్రాప్ షాట్లకు అందలేక పోయింది. అప్పటి నుంచి మార్కర్‌ని అడగకుండా ఏ పిల్లనీ కోర్టులోకి పంపను.

రెండు రాకెట్లు ఉంటే స్ట్రింగ్స్ టెన్షన్‌లో రెండు పౌండ్ల తేడా పెట్టించండి. తడి కోర్టుకి వదులుది, ఎండకి బిగుతుది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

సమస్య: బంతి భుజం ఎత్తుకు లేస్తోంది, కొట్టబోతే నెట్‌కి తగులుతోంది

మట్టి రాపిడికి బంతి వేగం తగ్గి, బౌన్స్ ఎత్తుగా వస్తుంది. టాప్‌స్పిన్ (బంతి ముందుకు గిర్రున తిరిగేలా) కొట్టేవాడు ఎదురుంటే చెప్పనక్కర్లేదు. ఫ్లాట్‌గా, అంటే పెద్దగా స్పిన్ లేకుండా చదునుగా కొట్టి గెలిచేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. 14 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన పీట్ సాంప్రస్ పారిస్‌లో 1996 సెమీఫైనల్ దాటలేదు. డానియల్ మెద్వెదెవ్ 2017 నుంచి 2020 వరకు అక్కడ వరసగా నాలుగేళ్లు మొదటి రౌండ్లోనే ఓడాడు. 2023లో రోమ్ టైటిల్ గెలిచి, వెంటనే పారిస్‌లో క్వాలిఫయర్ (అర్హత పోటీలాడి వచ్చిన ఆటగాడు) చేతిలో మళ్లీ మొదటి రౌండ్లోనే ఇంటికి వెళ్లాడు.

అలాగని ఫ్లాట్ షాటే తప్పనకండి. 2009లో మట్టి కోర్టు దిగ్గజం నాదల్‌ని పారిస్‌లో మొదటిసారి ఓడించిన రాబిన్ సోడర్లింగ్ గట్టిగా, చదునుగా కొట్టేవాడే. 1.93 మీటర్ల మనిషి, ఎత్తుగా వచ్చిన బంతిని పైనుంచి దంచాడు. పదమూడేళ్ల పిల్లకి ఆ ఎత్తు లేదు. కాబట్టి రెండడుగులు వెనక్కి వెళ్లి బంతి నడుము దాకా దిగాక కొట్టాలి, లేదా లేస్తుండగానే ముందుకొచ్చి అందుకోవాలి. మధ్యలో నిలబడి భుజం మీద కొట్టడమే ఓటమికి దారి. నెట్‌కి మూడు నాలుగు అడుగుల ఎత్తున పంపడం అలవాటు చేయండి.

సమస్య: కొట్టాక జారుతున్నారు

హార్డ్ కోర్టు అలవాటు ఇది. పరిగెత్తి, ఆగి, కొట్టి, అప్పుడు జారితే తర్వాతి బంతికి రెండడుగులు ఆలస్యం. మట్టి మీద బంతిని అందుకోవడానికి కావాలనే జారతారు; ఆ జారడం కొట్టకముందే మొదలై, రాకెట్ బంతిని తాకేసరికి ఆగిపోవాలి. బంతి లేకుండా రోజూ పదిహేను నిమిషాలు, రెండు వైపులా చేయించండి. వంకీల గీతలున్న మట్టి కోర్టు బూట్లు కొనండి. అడుగున మట్టి పేరుకుంటే పాయింట్ల మధ్య రాకెట్‌తో తట్టి దులపాలి.

సమస్య: 5-2 ఆధిక్యం చేజారుతోంది

సర్వీస్ ఇక్కడ అంత కాపాడదు, బ్రేకులు (ఎదుటివాడి సర్వీస్ గేమ్ గెలవడం) ఎక్కువ. ఒక్క బ్రేక్ ఆధిక్యాన్ని గెలుపనుకోకూడదు. నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ దగ్గరుంచండి. మూడో సెట్లో తడబాటు చాలావరకు అలసటే.

కోర్టే చెడ్డదైతే

2012లో మాడ్రిడ్‌లో నీలం మట్టి వేస్తే జారుడు ఎక్కువై నాదల్, జొకోవిచ్ ఇద్దరూ ముందే ఓడారు. తర్వాత పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం ఏటీపీ ఆ మట్టిని వద్దంది. మీ కోర్టు పైపొర కదులుతుంటే మ్యాచ్‌కి ముందే రోలర్ వేయమని అడగండి. కుదరదంటే ఆ రోజుకి జారడం మానేసి, చిన్న చిన్న అడుగులతో ఆడించండి.